పందొమ్మిది విరిగిన ముక్కలు: జీవితకాలపు వారంటీపై రాయగడ దుకాణం నుంచి ఒక కేస్ స్టడీ

ఒడిశాలోని రాయగడలో ఇరవై రెండేళ్లుగా చేతి పనిముట్ల దుకాణం నడుపుతున్నాను. జేకేపూర్ కాగితం మిల్లు, తెరువలి ఫెర్రో ఎల్లాయ్స్, టికిరి వైపు అల్యూమినా కర్మాగారం చుట్టూ బతికే ఫిట్టర్లు, కాంట్రాక్టర్లు ఒక వైపు నుంచి వస్తారు. కొల్నారా, గుణుపురం నుంచి మొదలుకొని సరిహద్దు దాటి పార్వతీపురం దాకా ఉన్న ట్రాక్టరు, లారీ మెకానిక్కులు మరో వైపు నుంచి వస్తారు. తెలుగు, ఒడియా, అవసరాన్ని బట్టి హిందీ, ఈ మూడు భాషల్లోనూ బేరం సాగే కౌంటరు మాది. 2023 ఆగస్టు నుంచి 2024 అక్టోబరు వరకు ఈ కౌంటరు మీదికి వారంటీ పేరిట వచ్చిన పందొమ్మిది విరిగిన పనిముట్ల గురించి ఇక్కడ రాస్తున్నాను. వాటిలో పద్దెనిమిది ఒకే కాంట్రాక్టరువి, ఒక్కటి మాత్రం కొల్నారా వైపు ట్రాక్టరు మెకానిక్కుది. ఆ ఒక్కటి లేకపోతే ఇది మామూలు మోసం కథగా ముగిసిపోయేది, నేనూ రాసేవాణ్ణి కాను.

కేసుకు మూలం నా దుకాణం బోర్డే కాబట్టి ముందు దాని సంగతి చెప్పాలి. నేను డీలరుగా ఉన్న ఒక కంపెనీ తన పానాలకు, సాకెట్లకు (నట్టు తల మీద తొడిగే గిన్నెలు), రాచెట్లకు (ఆ సాకెట్టును తిప్పే పళ్ల పిడులు) లైఫ్‌టైమ్ వారంటీ ఇస్తుంది. డబ్బాలో వచ్చే కార్డు మీద సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో దాని హద్దులన్నీ ఉంటాయి: లోహంలోగాని తయారీలోగాని లోపం ఉంటేనే వర్తిస్తుంది, అరుగుదలకు వర్తించదు, దుర్వినియోగానికి వర్తించదు, మార్పులు చేసిన పనిముట్టుకు వర్తించదు. ఈ కార్డును నేను తెలుగులోకి తెచ్చినప్పుడు అది ‘జీవితాంతం గ్యారంటీ, విరిగితే తెండి, కొత్తది పట్టుకెళ్లండి’ అయింది. ఒడియాలో ‘ఆజీవన్ గ్యారెంటీ’ అయింది. కార్డులోని నాలుగు హద్దుల్లో ఒక్కటీ బోర్డు మీదికి ఎక్కలేదు. అమ్మకాలు పెరిగాయి కాబట్టి ఆ లోటు నాకు ఏళ్ల తరబడి లోటుగా కనిపించలేదు.

నేను రాయని ఆ మాటలు ఎంత ముఖ్యమైనవో వేరే దేశాల అనుభవం ఎప్పుడో చెప్పింది. అమెరికాలో సియర్స్ సంస్థ 1927లో నమోదు చేసిన క్రాఫ్ట్స్‌మన్ చేతి పనిముట్లకు, బిల్లు కూడా అడగకుండా విరిగినదానికి బదులు కొత్తది ఇస్తారన్న పేరు దశాబ్దాల పాటు నిలిచింది. ఆ బ్రాండును 2017లో స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్ కొనుక్కుంది. బట్టలు, బూట్లు అమ్మే ఎల్.ఎల్. బీన్ సంస్థ మాత్రం అలాంటి హామీనే 2018 ఫిబ్రవరిలో ఏడాది గడువుకు కుదించి, బిల్లు తప్పనిసరి చేసింది. ఇళ్ల ముందు పాత సామాన్లు అమ్మే చోట్ల కొన్న వస్తువులను కూడా జనం తెచ్చి మార్చుకుపోవడం దానికి చెప్పిన కారణాల్లో ఒకటి. ఇక ‘లైఫ్‌టైమ్’ అంటే ఎవరి జీవితం? కొన్నవాడిదా, వస్తువుదా? ఆ మాట వాడే ప్రకటన దీన్ని విడమరిచి చెప్పాలని అక్కడి వ్యాపార నియంత్రణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు అంటాయి. కారు సైలెన్సరుకు జీవితకాలపు హామీ ఇస్తే అది కారు ఉన్నంత కాలమా, ఆ కారు ఆ యజమాని చేతిలో ఉన్నంత కాలమా అన్నది వాటిలో ఇచ్చిన ఉదాహరణ. నా బోర్డు చదివినవాడికి ఈ ప్రశ్న వేసుకునే అవకాశమే నేను ఇవ్వలేదు.

ముక్కలు వచ్చిన తీరు

కాంట్రాక్టరు బొబ్బిలి వైపు మనిషి. కర్మాగారాల్లో షట్‌డౌన్ పనులు (యంత్రాలు ఆపి చేసే మరమ్మతులు) ఒప్పుకుంటాడు, ఆ రోజుల్లో నలభై మంది దాకా పనివాళ్లను దింపుతాడు. నా దగ్గర ఏడాదికి లక్షల్లో సరుకు కొనేవాడు కాబట్టి అతని స్టోరు కుర్రవాడు విరిగిన సాకెట్టు తెస్తే, కంపెనీ సంగతి తరవాత చూసుకుందామని నా అల్మరాలోంచి కొత్తది తీసి వెంటనే ఇచ్చేసేవాణ్ణి. విరిగినవాటిని ఒక గోనె సంచిలో పడేసేవాణ్ణి. రిజిస్టరులో తారీకు, పనిముట్టు పేరు, అతని పేరు తప్ప ఇంకేమీ రాయలేదు.

2024 జులైలో వర్షాల మధ్య కొల్నారా మెకానిక్కు 24×27 రింగు పానా తెచ్చాడు. ఒక చెవి మెడ దగ్గర విరిగింది, అతని కుడిచేతి కణుపులు చీరుకుపోయి కట్టు కట్టి ఉంది. ‘గొట్టం ఎయ్యనేదు సావుకారూ, సేత్తోనే ఇప్పినాను, టప్పుమని ఇరిగిపోనాది’ అన్నాడు. గొట్టం అంటే ఎక్కువ బలం కోసం పిడికి తొడిగే పైపు. ఆ సైజు అల్మరాలో ఒకటే ఉంది. ‘కంపెనీకి పంపాలి బావూ, వచ్చాక కబురు చేస్తాను’ అని అతన్ని పంపేశాను. కాంట్రాక్టరు కుర్రవాడికైతే అలా చెప్పి ఉండేవాణ్ణి కాను. ఈ తేడాను అప్పుడు నేను గమనించనైనా లేదని ఒప్పుకోవాలి.

అక్టోబరులో సంచి నిండింది. పందొమ్మిదింటినీ ఒకే క్లెయిము కింద పంపాను. ఐదు వారాల తరవాత సంచి అలాగే తిరిగి వచ్చింది, ‘దుర్వినియోగం, తిరస్కరించడమైనది’ అన్న ఒక్క వాక్యంతో. కంపెనీ ప్రతినిధికి ఫోను చేస్తే, ఒకే దుకాణం, దాదాపు అన్నీ ఒకే పార్టీవి, చూడగానే తెలిసిపోయింది అన్నాడు. పందొమ్మిదో దాన్ని విడిగా చూశారా అని అడిగాను. సంచిగా పంపినదాన్ని సంచిగానే చూస్తారన్నాడు. ఆ జవాబు మీద అప్పుడు చాలా కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, సంచిగా పంపింది మాత్రం నేనే.

విరిగిన ముఖం చెప్పిన సంగతులు

మొదటి రోజే చేయాల్సిన పని అప్పుడు మొదలుపెట్టాను. ప్రతి ముక్కనూ కిరసనాయిలులో ముంచి మెత్తటి కుంచెతో కడిగి, గడియారాలు బాగుచేసేవాళ్లు వాడే పది రెట్ల కంటి అద్దంతో, టార్చి వెలుతురు పక్క నుంచి పడేలా పట్టి చూశాను. ఈ పనిలో రెండు తప్పులు చేయకూడదు. వైరు బ్రష్షుతో రుద్దకూడదు. విరిగిన రెండు ముక్కలను అతికి చూడకూడదు, అతికినప్పుడు విరిగిన ముఖం (విరిగిన చోట బయటపడే ఉపరితలం) మీది గరుకు నలిగి సాక్ష్యం చెరిగిపోతుంది. మూడో తప్పు నేను అప్పటికే చేసి కూర్చున్నాను: వర్షాకాలంలో విరిగిన ఉక్కు ముఖం రెండు మూడు రోజుల్లోనే తుప్పు పడుతుంది, గోనె సంచిలో ముక్కలు ఒకదానికొకటి కొట్టుకుంటే మిగిలిందీ పోతుంది. పందొమ్మిదింటిలో ఒక్కదాని ముఖమే చెక్కు చెదరకుండా ఉంది. మెకానిక్కు తన పానాను నూనె గుడ్డలో చుట్టి తెచ్చాడు, నేనూ ఆ గుడ్డ విప్పకుండానే సంచిలో వేశాను, కంపెనీ వాళ్లూ విప్పినట్టు లేదు.

ఏడు సాకెట్లు నిలువునా చీలాయి. చీలిక ప్రతిదానిలోనూ చదరపు రంధ్రం మూల నుంచి మొదలైంది, ఆ రంధ్రం అంచులు సుత్తితో వేలసార్లు కొట్టినట్టు నలిగి మెరుస్తున్నాయి. చేతి రాచెట్టు అలాంటి గుర్తు చేయదు, గాలితో నడిచి దెబ్బలతో బోల్టు తిప్పే ఇంపాక్ట్ గన్ చేస్తుంది. మెరిసే పూత ఉన్న మామూలు సాకెట్టును ఎక్కువగా క్రోమ్ వనేడియం ఉక్కుతో చేస్తారు, గోడ పలచగా, గట్టిగా ఉంటుంది. గన్‌కు పెట్టే నల్ల సాకెట్టు ఎక్కువగా క్రోమ్ మాలిబ్డినం ఉక్కు, గోడ మందం, దెబ్బను సాగి ఓర్చుకునే గుణం ఉంటుంది. మెరిసేదాన్ని గన్‌కు తగిలిస్తే కొన్నాళ్లు పని చేస్తుంది, ఒక రోజు పగులుతుంది, పగిలినప్పుడు ముక్క ఎగిరి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

నాలుగు రాచెట్లలో లోపలి పళ్లు రాలిపోయాయి, పిడులు కొద్దిగా వంగాయి. రెండు పిడుల మీద పూతలో నెలవంక ఆకారంలో ఒక నొక్కు ఉంది, పిడికి గొట్టం తొడిగి లాగినప్పుడు ఆ గొట్టం అంచు చేసే గుర్తు అది. లెక్క తేలికే: పావు మీటరు పిడిని మనిషి 40 కిలోల బలంతో లాగితే బోల్టు మీద పడే తిప్పుడు బలం 10 కిలోగ్రామ్-మీటర్లు, అదే మనిషి మీటరు పొడవు గొట్టం చివర పట్టుకుని అంతే బలంతో లాగితే 40. మనిషి మారలేదు, తిప్పుడు బలం నాలుగు రెట్లయింది, రాచెట్టు మాత్రం పాతదే.

మూడు స్క్రూడ్రైవర్లను ఉలిలాగా వాడారు, పిడి తలలు పుట్టగొడుగుల్లా విచ్చుకున్నాయి. వీటి గురించి ఇంకేమీ చెప్పక్కర్లేదు.

మిగిలినవాటిలో మూడు పానాలు అసలు నేను అమ్మినవే కావు. వాటి తుప్పు గుంటలు విరుపు కంటే పాతవి. ఒకదాని మీద కంపెనీ గుర్తును రాయి మీద సగం అరగదీశారు, ఇంకొకటి నేను ఆ కంపెనీ డీలరు కాకముందే తయారీ ఆపేసిన నమూనా. స్టోరు కుర్రవాణ్ణి కూర్చోబెట్టి టీ ఇచ్చి అడిగితే, దాచకుండానే చెప్పాడు. పాత ఇనుము కొట్టులో కిలో లెక్కన దొరికేవాటిలో ఆ కంపెనీ పేరున్నవి ఏరుకుని, నా దగ్గర మార్చుకుని, కొత్తవి సంతలో అమ్ముకున్నాడు. ‘బోర్డు మీద విరిగితే తెండి అని ఉంది కదండీ, ఎవరిది విరిగితే అని లేదు’ అన్నాడు. చదువుకున్నవాడైతే ప్లీడరయ్యేవాడు.

మిగిలినవి రెండు. కాంట్రాక్టరు పానాల్లోనే ఒక 19 ఎంఎం కాంబినేషన్ పానా నోటి మొదట్లో విరిగింది, పోతపోసినట్టు నునుపుగా ఒక మడత గీత లోపలికి పోయి ఉంది. ఎర్రగా కాల్చి అచ్చులో కొట్టేటప్పుడు లోహం ఒకదాని మీద ఒకటి మడతపడి అతుక్కోకపోతే వచ్చే లోపం అది. మెకానిక్కు రింగు పానా ముఖం ఇంకా తేటగా మాట్లాడింది. సగం ముఖం బూడిదరంగు గింజతో తాజాగా మెరుస్తోంది, మిగతా సగం నల్లగా ఉంది, ఆ నలుపు అంచులోకి పై పూత పలచని పొరగా దిగి ఉంది. పూత పగులులోకి దిగాలంటే పూత వేసేనాటికే పగులు ఉండాలి. అంటే పానా ఆ మెకానిక్కు చేతికి రాకముందే, గట్టిపరచడానికి కాల్చి చల్లార్చినప్పుడే సగం విరిగింది, మిగతా సగం అతని చేతిలో విరిగింది. అతను గొట్టం వేసినా వేయకపోయినా ఈ సాక్ష్యం మారదు.

డబ్బు, చట్టం

వారంటీ వర్తించదని తేలిన పదిహేడింటికి నేను ముందే కొత్తవి ఇచ్చేశాను. నా కొనుగోలు ధరలో ఏడు సాకెట్లు 1,470 రూపాయలు, నాలుగు రాచెట్లు 5,520, మూడు స్క్రూడ్రైవర్లు 495, మూడు పానాలు 960, మొత్తం 8,445. వందకు పన్నెండు మిగిలే వ్యాపారంలో ఆ సొమ్ము తిరిగి రావాలంటే సుమారు 70,000 రూపాయల సరుకు అమ్మాలి. అంతకంటే నన్ను కలవరపెట్టింది వేరే ఉంది. ఉచితంగా మెరిసే సాకెట్లు దొరుకుతున్నంత కాలం ఆ కాంట్రాక్టరుకు నల్ల సాకెట్లు కొనాల్సిన అవసరం రాలేదు. షట్‌డౌన్‌లో ఒక్కో గంటకు లెక్క కట్టే చోట పనివాడు చేతికి దొరికిన సాకెట్టునే గన్‌కు తగిలిస్తాడు, అది సహజం. అంటే ఎవరి కంట్లోనో ముక్క దిగే ప్రమాదానికి పద్నాలుగు నెలలు నేను ఖర్చు పెట్టాను.

చట్టం సంగతి ఒక వకీలు మిత్రుడితో కూర్చుని చదివాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో 2(7) సెక్షను ప్రకారం వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడు, స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి మాత్రమే కొన్నవాడు అవుతాడు. నలభై మందితో పని చేయించే కాంట్రాక్టరు రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్ మెట్లు ఎక్కడం కష్టం, మెకానిక్కు మాత్రం ఎక్కగలడు, ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి అతనికి రెండేళ్ల గడువు ఉంటుంది. నేను కొత్తది వెంటనే ఇచ్చింది చట్టం కాపాడని వాడికి, తిప్పి పంపింది చట్టం కాపాడేవాడికి. 86వ సెక్షను చదివాక చెమట పట్టింది. తయారీదారు హామీతో సంబంధం లేకుండా అమ్మేవాడు సొంతంగా ఒక హామీ ఇచ్చి, వస్తువు ఆ హామీకి తగ్గట్టు లేక మనిషికి హాని జరిగితే, అమ్మినవాడిదే బాధ్యత. నా బోర్డు కంపెనీ కార్డుకు అనువాదం కాదు, హద్దుల్లేని నా సొంత హామీ. హాని జరిగేనాటికి వస్తువును దుర్వినియోగం చేసి ఉంటే, మార్చి ఉంటే అమ్మేవాడి మీద ఆ దావా నిలవదని 87వ సెక్షను అంటుంది, అయితే విరిగిన ప్రతిదాన్నీ కిమ్మనకుండా తీసుకున్నవాడికి ఆ మాట అనడానికి నోరు కూడా ఉండాలి.

పన్ను విషయం క్లుప్తంగా చెబుతాను. వారంటీ కింద ఉచితంగా మార్చి ఇచ్చిన భాగాల మీద కొన్నవాడి దగ్గర జీఎస్టీ వసూలు చేయనక్కర్లేదని కేంద్ర పరోక్ష పన్నుల, కస్టమ్స్ బోర్డు 2023 జులై 17 నాటి 195వ సర్క్యులరు, పూర్తి వస్తువును మార్చినా అదే వర్తిస్తుందని 2024 జూన్ 26 నాటి 216వ సర్క్యులరు స్పష్టం చేశాయి. అయితే అవి తయారీదారు వారంటీ తరఫున జరిగిన మార్పిడికి సంబంధించినవి. తయారీదారు ఒప్పుకోని పదిహేడింటిని నేను నా ఇష్టానికి ఊరికే ఇచ్చినవిగానే నా ఆడిటరు చూశాడు, వాటి మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి పొందిన తగ్గింపును) తిరిగి కట్టించాడు.

తరవాత చేసినవి

రెండు పానాల విరిగిన ముఖాలను అద్దం మీదుగా ఫోనుతో ఫొటోలు తీసి, పక్కన స్కేలు పెట్టి, నల్లని సగం, పూత దిగిన అంచు ఎక్కడున్నాయో బాణం గుర్తులు వేసి, ఈసారి ఒక్కోదానికి ఒక్కో ఉత్తరంతో పంపాను. మెకానిక్కు బిల్లు నకలు జత చేశాను. మిగిలిన పదిహేడింటికీ వారంటీ వర్తించదని, వాటిని నేనే వెనక్కి తీసుకుంటున్నానని అదే ఉత్తరంలో రాశాను. ఆ వాక్యమే తలుపు తీసిందని నా నమ్మకం. తన ముక్కల్లో చెడ్డవాటిని తానే వేరు చేసుకున్న డీలరు మాటను ప్రతినిధి పై అధికారికి పంపాడు. రెండూ మంజూరయ్యాయి.

కాంట్రాక్టరుతో మాట్లాడటం ఇంకా కష్టమైంది. పానాల వ్యవహారం తనకు తెలియదన్నాడు, నమ్మాను. సాకెట్ల గురించి మాత్రం, ‘నువ్వే కదయ్యా తెమ్మన్నావు, తెచ్చాం, ఇచ్చావు’ అన్నాడు. కాదనలేకపోయాను. పాత లెక్క రద్దు చేసి, నల్ల సాకెట్ల సెట్టు ఒకటి నా కొనుగోలు ధరకే ఇస్తానన్నాను. రెండు సెట్లు తీసుకున్నాడు. గొట్టం అవసరమయ్యే బోల్టులకు రాచెట్టు బదులు మీటరు పొడవు బ్రేకర్ బార్ (పళ్లు లేని గట్టి పిడి) కూడా అమ్మాను, అందులో మాత్రం నా లాభం నేను తీసుకున్నాను.

బోర్డు దించేశాను. కొత్త బోర్డు మీద తెలుగులోనూ ఒడియాలోనూ ‘తయారీ లోపంతో విరిగితే మార్చి ఇస్తాం, విరిగిన ముఖం చూసి చెబుతాం’ అని రాయించాను. చూసేవాడికి ఇది తక్కువ ఆకర్షణీయం అని మా తమ్ముడి అభిప్రాయం, నిజమే కావచ్చు. ఇప్పుడు ఏ ముక్క వచ్చినా కొన్నవాడి ముందే అద్దంతో చూసి, ఫొటో తీసి, ముఖం మీద ఒక చుక్క నూనె వేసి, చిన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి, బిల్లు నంబరు రాసి విడిగా ఉంచుతున్నాం. అరిగిన రాచెట్టు పళ్లకు మార్పిడి అడిగేవాళ్లకు రిపేరు కిట్టు ఉందని చెబుతాం, చాలామందికి అది దొరుకుతుందని కూడా తెలియదు. గ్యాస్‌తో కాల్చి వంచిన పానాల దగ్గర మాత్రం నా మనసు ఇప్పటికీ ఊగుతుంది. ఇరుకు చోట నట్టు అందడానికి మంచి మెకానిక్కు పానాను వంచుకుంటాడు, అది అతని పనితనం. వంచిన చోట నీలం రంగు కనిపించిందంటే దాదాపు 300 డిగ్రీలో అంతకంటే ఎక్కువో వేడి తగిలి అక్కడి గట్టిదనం తగ్గి ఉండొచ్చని అర్థం, వారంటీ అక్కడితో ఆగిపోతుంది. ఆ సంగతి అమ్మేటప్పుడే చెప్పడం మొదలుపెట్టాను.

కొల్నారా మెకానిక్కు పానాకు బదులు కొత్తది 2025 ఫిబ్రవరిలో వచ్చింది, అతను విరిగింది తెచ్చి ఇచ్చిన ఏడో నెలలో. కబురు చేస్తే వచ్చాడు, డబ్బా విప్పి మెడ దగ్గర వేలితో తడిమి చూశాడు. ఈ మధ్యలో పని ఆగకూడదని పార్వతీపురంలో వేరే కంపెనీది కొనుక్కున్నానని, దీనికి బదులు డబ్బు వస్తుందా అని అడిగాడు. కంపెనీ డబ్బు ఇవ్వదు, వస్తువే ఇస్తుంది. ఆ పానాను అతని దగ్గర నేనే పూర్తి ధరకు తిరిగి కొన్నాను. ఆ జులైలో అల్మరాలో ఉన్న ఒక్క పానాను అతనికి అప్పుడే ఇచ్చి ఉంటే, నాకు అయ్యే ఖర్చు ఇంతకంటే తక్కువ.